ఇసుక కింద చేనుంది!

హగరి ఒడ్డు దిబ్బల్ని ఏళ్లుగా ఫొటోలు తీస్తున్న బళ్లారి స్టూడియో యజమాని అనుభవాలు

బళ్లారి: పెద్ద ఇసుక దిబ్బ. దాని ఒంటి నిండా అలలు అలలుగా గీతలు. కొసన నెత్తి మీద బిందెతో ఒక ఆడమనిషి. వెనకాల పొద్దు వాలుతోంది. ఈ ఫొటో చూసిన వాళ్లలో పదిమందికి తొమ్మిది మంది అడిగే మాట ఒక్కటే... "రాజస్థానా?"

కాదు. బళ్లారిలో బండి ఎక్కితే గంట ప్రయాణం. అనంతపురం జిల్లా బొమ్మనహాళ్, కణేకల్లు మండలాలు. హగరి ఒడ్డు.

ఆ ఫొటో తీసిన ఆయనది బళ్లారిలో చిన్న స్టూడియో. పెళ్లిళ్లు, నామకరణాలు, పాస్‌పోర్టు ఫొటోలు... అదే బతుకుతెరువు. ఆదివారం ముహూర్తాలు లేకపోతే మాత్రం తెల్లవారుజామున కెమెరా సంచి భుజాన వేసుకొని హగరి దారి పడతారు. ముప్పై ఏళ్లుగా ఇదే అలవాటు. ఇంట్లో తెలుగు, అంగట్లో కన్నడ, ఇసుకలో రెండూ. తన పేరు పేపర్లో వేయవద్దని గట్టిగా చెప్పారు. "ఆ ఫొటోల్లో ఉండే మనుషుల పేర్లు ఎవరూ అడగరు. నా పేరెందుకు?" అన్నది ఆయన వాదన.

ఎడారి ఎక్కడి నుంచి వచ్చింది?

హగరి అంటే వేదవతి. చిక్కమగళూరు జిల్లా బాబాబుడన్‌గిరి కొండల్లో పుట్టి, చిత్రదుర్గం జిల్లా మీదుగా అనంతపురం జిల్లాలోకి వచ్చి, మళ్లీ బళ్లారి జిల్లాలో అడుగుపెట్టి తుంగభద్రలో కలుస్తుంది. దారిలో హిరియూరు దగ్గర 1907లో పూర్తయిన వాణీవిలాస సాగర్ ఉంది. కిందికి వస్తే గుమ్మఘట్ట మండలంలో భైరవానితిప్ప ప్రాజెక్టు. కింద ఏటిలో నీళ్లు కనిపించేది అరుదు. ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండిన ఇసుకే.

ఆ ఎండిన ఏటి మీద ఆషాఢ గాలి వీస్తుంది. పడమటి నుంచి జూన్, జులై నెలల్లో వీచే ఆ గాలి సన్న ఇసుకను ఎత్తుకొచ్చి చేలల్లో పోస్తుంది. అడ్డం చెట్టు లేకపోతే అది ఆగదు. ఏడాదికింత పేరుకుంటూ దిబ్బ అవుతుంది. గోవిందవాడ, దర్గా హొన్నూరు లాంటి ఊళ్ల రైతులకు ఇది కథ కాదు, అనుభవం.

ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. థార్ ఎడారిలోని జైసల్మేర్‌లో అది 200 మిల్లీమీటర్లలోపే. అంటే వాన లెక్కన చూస్తే హగరి ఒడ్డు ఎడారి కావాల్సిన పని లేదు. 2019లో జర్నలిస్టు పి. సాయినాథ్ దర్గా హొన్నూరు ఇసుక మీద రాసిన కథనంలో ఈ ప్రాంతం వాళ్లు చెప్పిన కారణాలు చాలా ఉన్నాయి. వాన పడే తీరు మారడం, చెట్లు పోవడం, కొర్ర లాంటి చిరుధాన్యాలు పోయి చేలన్నీ వేరుశనగ కావడం, బోర్ల మీద బోర్లు వేయడం... ఒక్క కారణమని వేలెత్తి చూపే వీలు లేదు.

ఇంకో వింత ఏమిటంటే, దిబ్బలకు కాస్త దూరంలోనే తుంగభద్ర ఎగువ కాలువ పారుతుంది. దాని కింద పచ్చటి వరి. "ఒకే ఫ్రేములో ఎడం పక్క వరి మడి, కుడి పక్క ఇసుక దిబ్బ పెట్టి తీసినా. ల్యాబ్‌లో పిల్లోడు రెండు ఫొటోలు అతికించినారా సార్ అని అడిగినాడు" అని నవ్వారు ఆ ఫొటోగ్రాఫర్.

బళ్లారి వాళ్లకు ఆ నేల పరాయిది కాదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా రాయదుర్గం తాలూకా బళ్లారి జిల్లాలోదే. విభజనలో ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వెళ్లాయి. బళ్లారి మైసూరు రాష్ట్రంలోకి వచ్చింది. చుట్టరికాలు మాత్రం తెగలేదు. ఆయన మేనత్త ఇల్లు కణేకల్లు పక్క పల్లెలోనే. చిన్నప్పుడు ఎండాకాలం సెలవులకు వెళ్లి ఆ ఇసుకలో జారుడుబండ ఆడుకున్నారు. కెమెరా చేతికొచ్చాక మొదట గుర్తొచ్చింది అదే చోటు.

పెళ్లికొడుకు పంచె, దిబ్బ మీద ఇసుక

ఇసుకను తీయడం సులువనుకుంటారు. కదలదు, కళ్లు మూయదు, "సరిగ్గా రాలేదు" అని గొడవ పెట్టదు. కానీ ఆయన మొదటి రెండేళ్లు తీసిన రీళ్లన్నీ వృథా అయ్యాయి. ఇసుకంతా బూడిద పోసినట్టు మురికిగా వచ్చింది.

కారణం తెలిశాక ఆశ్చర్యపోయారు. కెమెరాలోని మీటరుకు తెలుపు, నలుపు తెలియవు. ఏది చూపించినా దాన్ని నడిమిరకం బూడిదరంగు అనుకొని లెక్క వేస్తుంది. మెరిసే ఇసుక చూపిస్తే వెలుగు ఎక్కువైపోయిందని తగ్గించేస్తుంది. అందుకని మీటరు చెప్పిన దానికన్నా ఒకటి, ఒకటిన్నర స్టాపు ఎక్కువ వెలుగు ఇవ్వాలి. "పెళ్లికొడుకు తెల్ల పంచె, తెల్ల చొక్కా వేసుకొని పీటల మీద కూర్చుంటాడు కదా... అక్కడా ఇదే కథ. మీటరును నమ్మితే పంచె మాసిపోతుంది, మొహం నల్లబడుతుంది. పెళ్లిలో తిట్లు తిని నేర్చుకున్నది ఇసుకలో పనికొచ్చింది" అంటారు.

రెండో పాఠం పొద్దుది. మధ్యాహ్నం పన్నెండుకు వెళ్తే దిబ్బ ఉత్త బల్లపరుపు. గీతలు కనిపించవు, లోతు తెలియదు. పొద్దు పొడిచిన గంటలోపు, పొద్దు గూకే ముందు గంట... ఆ రెండు వేళల్లోనే వెలుగు పక్కనుంచి పడుతుంది. వేలెడు ఎత్తు లేని ఇసుక అలకు కూడా నీడ వస్తుంది. ఆ నీడే బొమ్మ. గాలి ఎటు వీచిందో కూడా ఆ గీతలే చెబుతాయి. గాలికి అడ్డంగా ఏర్పడతాయవి. దిబ్బకు గాలి వచ్చే వైపు మెల్లగా ఏటవాలుగా ఉంటుంది. గాలి పోయే వైపు నిటారుగా జారిపోతుంది. కాలు పెడితే మోకాలి దాకా దిగేది ఆ రెండో వైపే.

మూడో పాఠం కాళ్లది. ఒకసారి నడిచిన చోట మళ్లీ బొమ్మ ఉండదు. అందుకే ముందు దూరంగా నిలబడి, ఏ పక్కనుంచి వెళ్లాలో, ఎక్కడ తీయాలో అనుకొని, చుట్టు తిరిగి వెళ్తారు. తెల్లవారుజామున వెళ్తే రాత్రంతా ఆ దిబ్బ మీద తిరిగిన పురుగుల అడుగులు చదవొచ్చు. ఎనిమిది దాటితే గాలి వాటిని తుడిచేస్తుంది.

ఇక కెమెరాకు ఇసుకే శత్రువు. రీళ్ల కాలంలో ఒక్క రేణువు లోపలికి పోయినా చాలు... రీలు తిప్పినప్పుడల్లా గీసుకుంటూ పోయేది. 36 ఫొటోల మీదా ఒకటే గీత. డిజిటల్ వచ్చాక సెన్సారు మీద మచ్చలు. దిబ్బల దగ్గర లెన్సు మార్చరు. ఇంటి దగ్గరే ఏ లెన్సో తేల్చుకొని వెళ్తారు. కెమెరాకు పాలిథిన్ కవరు తొడిగి, లెన్సు మూతి దగ్గర రబ్బరు బ్యాండు వేస్తారు. ఇంటికొచ్చాక మొదట గాలి బుడ్డితో ఊదుతారు. గుడ్డతో తుడిస్తే ఇసుక అద్దాన్ని గీసేస్తుంది.

'ఏం బాగుండాదని తీస్తాండావు?'

ఇవన్నీ నేర్చుకొని, మంచి ఫొటోలు రావడం మొదలైన రోజుల్లో జరిగిందది. పొద్దున్నే దిబ్బ మీద మోకాళ్ల మీద కూర్చొని తీస్తుంటే వెనకనుంచి ఒక పెద్దాయన వచ్చి నిలబడ్డాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి అడిగాడు.

"ఏం బాగుండాదని తీస్తాండావు సామీ? దీని కింద నా చేనుండాది."

ఫొటోగ్రాఫర్ దగ్గర జవాబు లేదు. పెద్దాయనే కూర్చొని చెప్పాడు. కొర్ర, సజ్జ వేసిన చేను. తర్వాత శెనక్కాయ. మొదట ఒక మూలన ఇసుక పడింది. ఎద్దుల గుంటకతో లాగేశాడు. మరుసటేడు ఇంకాస్త. ట్రాక్టరు పెట్టి తోలించాడు. పక్క చేనులోంచి మళ్లీ వచ్చింది. తోలించిన కూలి పంట మీద రాలేదు. మూడో ఏడు విత్తనం వేయలేదు.

"ఆ రోజు దాకా నేను ఇసుకనే చూస్తాంటి. కింద ఏముందని ఎప్పుడూ అనుకోలేదు. ఆ గీతలు, ఆ నీడ... అవి ఎంత బాగొస్తే అంత దండిగా ఇసుక పడిందని అర్థం కదా" అంటారు ఆయన. కొన్నాళ్లు అటు పోవడమే మానేశారు. నష్టపోయిన వాడి ఇంటి ముందు నిలబడి ముగ్గు బాగుందన్నట్టు అనిపించిందట.

మళ్లీ వెళ్లేలా చేసింది ఒక క్యాలెండరు.

క్యాలెండర్‌లో వేపమాను

ఒక ప్రింటింగ్ ప్రెస్ వాళ్లు అంతకు ముందే ఆయన దగ్గర నాలుగు ఫొటోలు కొన్నారు. ఒకదాంట్లో సగం దాకా ఇసుకలో కూరుకుపోయిన వేపమాను. క్యాలెండరు మీద ఆ బొమ్మ కింద "థార్ ఎడారి అందాలు" అని అచ్చువేశారు. కొన్నవాళ్లెవరూ ఫొటో ఎక్కడిదని అడగలేదు.

కొన్ని నెలల తర్వాత స్టూడియోకి ఒక రైతు వచ్చాడు. రాయదుర్గంలో ఎరువుల అంగట్లో గోడకు తగిలించిన ఆ క్యాలెండరు చూశాడట. వాళ్లనూ వీళ్లనూ అడిగి, బళ్లారి దాకా వెతుక్కుంటూ వచ్చాడు. గొడవ పెట్టుకోవడానికే వచ్చాడని ఫొటోగ్రాఫర్ భయపడ్డారు. ఆయన అడిగింది వేరే.

"అచ్చరాలు లేని ఫొటో ఒకటియ్యి సామీ. ఆ యాపమాను మా గట్టు మాను. మా తాత పెట్టింది. దానికి పడమర మాది, తూర్పు మా దాయాదులది. గట్టు రాళ్లు యాడుండాయో ఇప్పుడు ఇసుకకే తెల్లాల."

అప్పుడు అర్థమైందంటారు ఆయన. ఇసుక తినేది పంటనొక్కటే కాదు, హద్దుల్ని కూడా. గట్టు పోయింది, రాళ్లు పోయాయి, బండి బాట పోయింది. రేపు ఇసుక తీయించినా ఎక్కడి దాకా తనదో పిల్లలకు చూపించడానికి మిగిలింది ఆ చెట్టు ఒక్కటే. చెట్టు కూడా ఎన్నాళ్లు ఉంటుందో తెలియదు. కాగితం మీది సర్వే నంబరుకు, కాలి కింది నేలకు మధ్య ఉన్న గుర్తు ఆ ఫొటోలో పడింది.

ఆ రైతుకు పెద్ద సైజు ప్రింటు వేసి ఇచ్చారు. డబ్బు తీసుకోలేదు. ఆ రోజు నుంచి ప్రతి ప్రింటు వెనక పెన్సిలుతో రాయడం మొదలుపెట్టారు. ఊరు, చేను ఎవరిది, చివరగా వేసిన పంట ఏది, తీసిన నెల, ఏ వైపుకు తిరిగి తీశారు. తెలియని చోట "అడగాల" అని ఒక్క మాట రాస్తారు. స్టూడియో అటక మీద రేకు పెట్టెల్లో అలాంటివి వందల కొద్దీ ఉన్నాయి. "అడగాల" అని రాసినవి రానురాను తగ్గుతున్నాయి.

వాకిట్లో చీపురు, ముద్దలో ఇసుక

ఆ తర్వాత ఆయన ఫొటోల తీరే మారింది. వట్టి దిబ్బలు తగ్గాయి. మనుషులు వచ్చారు.

ఒక ఫొటోలో గాలివాన వెలిసిన పొద్దున వాకిట్లో ఇసుక ఊడుస్తున్న కోడలు. చీపురు ముందు పోగైన ఇసుక గడప ఎత్తు ఉంది. ఇంకో దాంట్లో చెరువు పని ముగించుకొని వచ్చే ఆడవాళ్లు కొంగులు మొహానికి చుట్టుకొని, కళ్లు మాత్రం కనబడేలా నడుస్తున్నారు. మరో దాంట్లో బడి పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకొని పరుగెడుతున్నారు. ఎండకు కాలిన ఇసుక మీద చెప్పులు ఎందుకు విప్పారని అడిగితే, "చెప్పుల్తో ఉరకలేం సార్, దిగబడ్తాయి" అన్నారట.

గొర్రెల కాపరులు ఆయనకు ఇష్టమైన వాళ్లు. భుజాన కంబళి, చేత కట్టె. మంద దిబ్బ దాటేటప్పుడు దుమ్ము లేస్తుంది. ఆ దుమ్ములోంచి పొద్దుటి వెలుగు కిరణాలు కిరణాలుగా దిగుతుంది. కానీ అడగకుండా తీయరు. ఒక కాపరి కన్నడంలో "నమ్ హొల సార్ ఇదు" అన్నాడు. మా చేను సార్ ఇది అని. ఒకప్పుడు సేద్యం చేసిన చోటే ఇప్పుడు గొర్రెలు మేపుతున్నాడు. మేపడానికి అక్కడ మిగిలింది కంపచెట్ల కాయలు. మనవాళ్లు సర్కారు తుమ్మ అనే ఆ కంపనే కన్నడిగులు 'బళ్లారి జాలి' అంటారు. వాళ్ల పొయ్యిలోకి కట్టెలూ అవే, గొర్రెలకు మేతా అవే.

తీయలేనివి కూడా ఉన్నాయంటారు. మేనత్త ఇంట్లో అన్నానికి కూర్చుంటే సంగటి ముద్దలో పంటి కింద కరకర. "దాన్నెట్లా ఫొటో తీయాల? తినే మనిషి మొహంలో చూడాల్సిందే. మా అత్త అయితే మొహం కూడా మార్చదు, అలవాటైపోయింది" అంటారు.

మనుషుల్ని తీయడంలో ఆయనకు కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. పని చేస్తున్న వాళ్లను ఆపి మళ్లీ చేయించరు. పొద్దు వాలేదాకా ఉండమని బిందె మోసే మనిషిని అడగరు. ఏడ్చే వాళ్లను తీయరు. తీసిన ప్రతి ఒక్కరికీ తర్వాతి వారం ప్రింటు తీసుకెళ్లి ఇస్తారు. "మా అమ్మది ఇదొక్కటే ఫొటో" అని దేవుడి పటాల పక్కన పెట్టుకున్న ఇళ్లు ఆ పల్లెల్లో ఉన్నాయి.

జైసల్మేర్ వెళ్లి చూస్తే...

అసలు ఎడారి చూడాలని ఆయన ఒకసారి జైసల్మేర్ వెళ్లారు. పట్నానికి 40 కిలోమీటర్ల దూరంలో సమ్ దిబ్బలు. ఒంటెలు, సాయంత్రం పాటలు, కెమెరాలు వేసుకున్న టూరిస్టులు. దిబ్బలు హగరి ఒడ్డు వాటికన్నా చాలా పెద్దవి. ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చాయి. అయినా ఆయన మనసులో నాటుకుంది ఒక చెట్టు. అక్కడివాళ్లు ఖేజ్రీ అంటారు. దగ్గరికెళ్లి చూస్తే మన జమ్మి చెట్టే! దసరాకు మనం ఆకు తెంపి బంగారమని పంచుకునే జమ్మి. అక్కడ దాని కాయలు కూర వండుకుంటారు, ఆకు పశువులకు మేత, నీడ కింద సజ్జ పంట. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్లీలో ఆ చెట్లను నరకొద్దని కౌగిలించుకొని 363 మంది బిష్ణోయీలు ప్రాణాలిచ్చారని చరిత్ర.

"వాళ్లు ఎడారిలో ఉండి చెట్టును కాపాడుకున్నారు. మనం చెట్టు కొట్టుకొని ఎడారిని తెచ్చుకున్నాం" అంటారు ఆయన. అందుకే ఊళ్లో మిగిలిన జమ్మి, వేప, కానుగ చెట్లకు ఆయన పెట్టెల్లో వేరే కవరు ఉంది.

హీరో వస్తాడు... రైతు పక్కకు జరుగుతాడు

ఈ దిబ్బలకు సినిమా వాళ్లూ వస్తారు. ఎడారి సీను కావాలంటే రాజస్థాన్ దాకా పోవాల్సిన పని లేకుండా ఇక్కడే తీసుకుపోయిన వాళ్లున్నారు. సాయినాథ్ కథనంలోనూ ఆ ప్రస్తావన ఉంది. తెర మీద అది ఏదో దూరదేశం. కెమెరా ఎటు తిప్పితే చేను కనబడదో అటే తిప్పుతారు. గాలిమరలు, కరెంటు స్తంభాలు, శెనక్కాయ కుప్పలు ఫ్రేములోకి రాకుండా చూసుకుంటారు.

ఆయన వాళ్లను తప్పుపట్టరు. వాళ్ల పని అది. షూటింగ్ నాలుగు రోజులుంటే ఊళ్లో నలుగురికి కూలి దొరుకుతుంది. "కానీ నేను వాళ్లు ఏది వదిలేసినారో అది తీస్తా" అంటారు. ఆయన ఫొటోల్లో దిబ్బ వెనక గాలిమర రెక్క కనబడుతుంది. ఇసుకలో సగం మునిగిన బోరు పైపు కనబడుతుంది. అందం కొంచెం తగ్గుతుంది. ఎక్కడిదని అడిగే పని కూడా తగ్గుతుంది.

1936లో ఇద్దరు... 1983లో ఒకరు

స్టూడియో గోడ మీద పుస్తకాల్లోంచి కత్తిరించి అంటించిన బొమ్మలున్నాయి. పని నేర్చుకోవడానికి వచ్చే కుర్రాళ్లకు ఆయన పాఠాలు అవే.

మొదటిది అమెరికా ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్ 1936లో కాలిఫోర్నియా ఓషియానో దిబ్బల దగ్గర తీసింది. వట్టి ఇసుక, వెలుగు, నీడ. మనిషి లేడు. రెండోది అదే ఏడాది ఆర్థర్ రోత్‌స్టీన్ ఓక్లహోమాలో తీసింది. ఇసుక గాలికి తల వంచుకొని గుడిసె వైపు పరుగెడుతున్న రైతు, ఇద్దరు కొడుకులు. పచ్చికనేలను దున్నేసి, ఆపై కరవు వచ్చి, మట్టి గాలికి లేచిపోయిన రోజులవి. "రెండూ గొప్పవే. కానీ హగరి ఒడ్డుకు పోవాలంటే రెండోది చూసి పోవాల" అంటారు.

అదే రోత్‌స్టీన్‌తో ఇంకో పాఠం. అదే 1936లో దక్షిణ డకోటాలో ఒక ఎద్దు పుర్రెను కొద్ది అడుగులు జరిపి రకరకాల చోట్ల పెట్టి తీశాడు. అది బయటపడి, కరవు ఫొటోలన్నీ ఉత్తుత్తివేనని పత్రికల్లో పెద్ద రభస అయింది. కరవు నిజం, పుర్రె నిజం. అయినా జరిపినందుకు నమ్మకం పోయింది. అందుకే దిబ్బ మీద పుల్ల కూడా తాను కదపనంటారు ఈయన.

చివరిది స్టీవ్ మెకర్రీ 1983లో రాజస్థాన్‌లో తీసింది. దుమ్ము తుపానులో ఎర్రటి బట్టలు కట్టుకున్న ఆడవాళ్లు ఒకరినొకరు ఆనుకొని గుంపుగా నిలబడిన ఫొటో. ప్రపంచమంతా తెలుసు. "ఆ రంగు అందరికీ గుర్తుంటాది. వాళ్లు కరవులో పంటల్లేక రోడ్డు పనికి వచ్చిన కూలోళ్లని ఎంతమందికి తెలుసు?" అని కుర్రాళ్లను అడుగుతారు.

అదే చోటు... అదే నెల

వేపమాను సంగతి తర్వాత ఆయన ఇంకో పని మొదలుపెట్టారు. కొన్ని చోట్లు ఎంచుకొని, ప్రతి ఏడాదీ ఆషాఢ గాలి తగ్గాక ఒకసారి అదే చోట నిలబడి, అదే వైపు తిరిగి, అదే లెన్సుతో తీస్తారు. గుర్తుకు గుడి ధ్వజస్తంభమో, నీళ్ల ట్యాంకో, బావి గట్టో పెట్టుకుంటారు. పక్కపక్కన పెడితే ఇసుక ఎంత జరిగిందో చదువు రానివాళ్లకు కూడా తెలుస్తుంది.

ఈ పద్ధతి కొత్తది కాదు. అమెరికాలో హేస్టింగ్స్, టర్నర్ అనే ఇద్దరు పరిశోధకులు సొనోరా ఎడారి పాత ఫొటోలు పట్టుకొని, అవి తీసిన చోట్లకే వెళ్లి మళ్లీ తీసి, నేల ఎలా మారిందో చూపిస్తూ 1965లో పుస్తకమే వేశారు. బళ్లారి స్టూడియోకి ఆ సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది. "వాళ్లు సైన్సు కోసం చేసినారు. నేను గట్టు కోసం చేస్తాండా" అంటారు ఆయన.

వరుసగా చూస్తే అన్నీ నష్టాలే కావు. గాలికి అడ్డంగా చెట్ల వరుస నిలిచిన ఒక చోట దిబ్బ ఆగిపోయింది. దాని మీద గడ్డి మొలిచింది. మూడు ఫొటోల తర్వాత నాలుగో దాంట్లో కంది చాళ్లు కనబడుతున్నాయి. ఇంకో చోట అదే సమయంలో బావి గట్టు పూర్తిగా మునిగింది. 2022 సెప్టెంబరులో వాణీవిలాస సాగర్ 1933 తర్వాత మొదటిసారి పొంగి పొర్లింది. ఆ ఏడాది హగరి నిండుగా పారింది. దిబ్బ కాళ్ల దగ్గర ఎర్రటి నీళ్లు తిరుగుతున్న ఫొటో ఆ ఏటిదే. దాన్ని చూసి ఊళ్లో వాళ్లు ఇసుక కొట్టుకుపోతుందని ఆశపడ్డారు. నీళ్లు దిగాక ఏరు కొత్త ఇసుక పరిచి పోయింది.

ఇసుకంటే పట్నాల్లో డబ్బు కదా, అమ్ముకోవచ్చు కదా అని బళ్లారి మిత్రులు అడుగుతుంటారు. గాలి మోసుకొచ్చేది పిండి లాంటి సన్న ఇసుక. ఇల్లు కట్టడానికి గరుకు ఇసుక కావాలి. చేలో పడింది కొనేవాడు ఉండడు.

వేపమాను రైతు ఇప్పుడు లేడు. ఆయన మనవడు బెంగళూరులో పని చేస్తున్నాడు. పోయిన ఏడాది ఫోన్ చేసి, ఆ చెట్టు ఫొటోలు అన్నీ వరుసగా పంపమని అడిగాడు. మొదటి దాంట్లో చెట్టు నడుము దాకా ఇసుక. చివరి దాంట్లో పైకొమ్మలు మాత్రమే. ఆ కొమ్మలకు చిగురుంది.

పాత ఫొటోలుంటే చూపండి

ఇప్పుడు ఆయన వెతుకుతున్నది తాను పుట్టకముందు తీసిన ఫొటోల్ని. ఇసుక రాకముందు ఆ చేలు ఎలా ఉండేవో తన పెట్టెల్లో లేదు. పెళ్లి ఫొటోల వెనక, కొత్త ఎద్దుల జతతో దిగిన ఫొటోల వెనక, కళ్లంలో కుప్పల ముందు దిగిన ఫొటోల వెనక ఎక్కడో ఒక మూల ఆ నేల పడి ఉంటుందని ఆయన నమ్మకం. బొమ్మనహాళ్, కణేకల్లు వైపు నుంచి బళ్లారి వచ్చి స్థిరపడిన కుటుంబాలను ఒక్కొక్కరినీ అడుగుతున్నారు. ఫొటో ఇవ్వనక్కర్లేదు, ఒక్కసారి చూపిస్తే కాపీ తీసుకొని అక్కడికక్కడే తిరిగి ఇస్తానంటున్నారు.

ఇప్పటికి వచ్చినవి పదకొండు. అందులో ఒకటి నలుపు తెలుపు ఫొటో, అంచులు పురుగు కొట్టింది. కొమ్ములకు కుచ్చులు కట్టిన ఎద్దుల జత, పక్కన తలపాగా చుట్టుకున్న ఇద్దరు అన్నదమ్ములు. వాళ్ల వెనక వంగిన కంకులతో కొర్ర చేను, చేను చివర నిటారుగా ఒక గట్టు రాయి. ఆ రాయి ఎక్కడుందో చూపిస్తామని ఆ ఇంటివాళ్లు మాటిచ్చారు. గాలి తగ్గాక ఆయన అక్కడికే వెళ్లబోతున్నారు.